మంచు కంటే ముందు వాన సంగతి చూడండి

ప్రశ్న: రెండేళ్ళు డాలస్‌లో ఉండి, ఈ వేసవిలోనే మిషిగన్‌లోని నోవైకి మారాము. నేను ఆస్పత్రిలో నర్సును. ఉదయం ఏడింటి డ్యూటీకి ఆరింటికే ఇల్లు వదలాలి. మాది 2020 క్యామ్రీ ఎస్‌ఈ, 18 అంగుళాల చక్రాలు, డాలస్ నుంచి వచ్చిన ఆల్ సీజన్ టైర్లే ఇంకా ఉన్నాయి. మొన్న పెద్ద వానలో ఐ-275 హైవే మీద వెళ్తుండగా ఒక్క క్షణం స్టీరింగ్ తేలికైపోయి, కారు నా చేతిలో లేనట్టు అనిపించింది. టైర్ల షాపులో కొలిచి ముందువి 4, వెనకవి 5 ఉన్నాయనీ, వింటర్ టైర్లు వేయించుకోమనీ చెప్పారు. ఆల్ సీజన్ టైర్లు ఉండగా ఇంకోటి దండగ అని మావారు అంటున్నారు. ముందు చక్రాలకే ఇంజను బలం వెళ్తుంది కాబట్టి ముందు రెండూ మారిస్తే చాలని స్నేహితురాలు, అసలు కారే అమ్మేసి ఆల్ వీల్ డ్రైవ్ కొనమని తోటి నర్సు చెబుతున్నారు. ఉండేది అపార్ట్‌మెంట్, రెండో జత దాచుకునే చోటు లేదు. రాజమండ్రిలో మా నాన్నగారు తన కారు టైర్లు ఆరేళ్ళవైనా గాడులు బాగానే ఉన్నాయని మార్చనంటున్నారు, వానాకాలంలో అది పర్వాలేదా?

సమాధానం: మీరు అడిగింది ప్రధానంగా మంచు గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వాన గురించినది. స్టీరింగ్ తేలికైపోవడమంటే ఆ క్షణంలో ముందు టైర్లు రోడ్డును వదిలి నీటి మీద తేలాయన్నమాట. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. టైరు వేగంగా దొర్లుతున్నప్పుడు తనకు ఎదురైన నీటిని గాడుల గుండా పక్కలకూ వెనక్కూ తోసేయాలి. అలా తోసే వ్యవధి లేకపోయినా, తోయడానికి గాడుల్లో లోతు లేకపోయినా ఆ నీరు టైరు ముందు గట్టిగా చేరి, దాన్ని కొద్దికొద్దిగా పైకి లేపి, చివరకు రబ్బరుకూ తారుకూ మధ్య పొరలా పరుచుకుంటుంది. అప్పుడు మీరు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా ఆ మాట చక్రాల దగ్గరే ఆగిపోతుంది, రోడ్డుదాకా చేరదు.

షాపువారు చెప్పిన 4, 5 అనే అంకెలు అంగుళంలో ముప్పై రెండో వంతుల లెక్క. కొత్త ఆల్ సీజన్ టైరు గాడి లోతు సాధారణంగా 10 ఉంటుంది, అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు. అమెరికాలో చాలా రాష్ట్రాలు చట్టబద్ధంగా ఒప్పుకునే కనీస లోతు 2, అంటే 1.6 మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం చూస్తే మీ టైర్లకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. అయితే చట్టం పెట్టిన ఆ హద్దు టైరు పూర్తిగా పనికిరాకుండా పోయే చోటు మాత్రమే. వాన రోడ్డు మీద పట్టు అంతకంటే చాలా ముందే పడిపోవడం మొదలవుతుంది కాబట్టి, తడికి 4 దగ్గర, మంచుకు 5, 6 దగ్గర మార్చేయాలన్నది ఈ రంగంలో ఉన్నవారు సాధారణంగా పాటించే లెక్క. దాని ప్రకారం మీ ముందు టైర్లు వానకు చివరి గీత మీద ఉన్నాయి, మంచుకైతే ముందువి ఆ గీత దాటిపోయాయి, వెనకవి గీత మీదికి వచ్చేశాయి. కాబట్టి వింటర్ టైర్లు కావాలా వద్దా అన్న చర్చ తేలినా తేలకపోయినా, ఇప్పుడున్న టైర్లతో ఈ చలికాలంలోకి వెళ్ళకూడదు. మీవారితో వాదనలో మొదట ఒప్పించవలసింది ఈ ఒక్క విషయమే. ఇది ఒప్పుకుంటే, డబ్బు ఎలాగూ ఖర్చు పెట్టవలసినదే అని తేలుతుంది, ఇక మిగిలేది దేని మీద పెట్టాలన్న ప్రశ్నే.

షాపువారి మాట మీద నమ్మకం కలగకపోతే మీరే చూసుకోవచ్చు. క్వార్టర్ నాణెం తీసుకుని, వాషింగ్టన్ తల కిందికి ఉండేట్టు గాడిలో నిలబెట్టండి. తల పైభాగం పూర్తిగా కనిపిస్తుంటే లోతు 4 కంటే తగ్గిపోయినట్టు. ఒక్క గాడిలో చూసి వదిలేయకుండా లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కూడా చూడండి. లోపలి అంచు మాత్రమే బాగా అరిగి ఉంటే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలిచే కోణం, తప్పిందన్నమాట, దాన్ని సరిచేయించకుండా కొత్త టైర్లు వేయిస్తే అవి కూడా అదే దారి పడతాయి. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలి ఉంటే చాలాకాలం గాలి తక్కువతో నడిపినట్టు, మధ్యలో మాత్రమే అరిగి ఉంటే గాలి ఎక్కువ పెట్టినట్టు.

గాలి మాట వచ్చింది కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే ఖర్చు లేకుండా సరిదిద్దుకోగలిగినది ఇదొక్కటే, అయినా అందరూ మరచిపోయేదీ ఇదే. విమానాల టైర్లు తడి రన్‌వే మీద ఎందుకు తేలుతున్నాయో నాసా పరిశోధకులు పరిశీలించినప్పుడు, నిలిచిన నీటి మీద టైరు తేలే వేగం అందులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేలింది. పీఎస్‌ఐలో, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అన్న కొలతలో, ఉన్న ఒత్తిడి వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, గాడులు పనిచేయని స్థితిలో ఉన్న టైరు గంటకు ఎన్ని మైళ్ళ దగ్గర తేలుతుందో సుమారుగా వస్తుంది. 35 పీఎస్‌ఐకి అది 61 మైళ్ళు, 29కి 56 మైళ్ళు. లోతైన గాడులున్న టైరు దీనికంటే నయంగా ఉంటుంది, అరిగిన టైరు ఈ లెక్కకు దగ్గరవుతుంది. ఐ-275 మీద అందరూ 70లో పోతుంటే మీరూ 70లోనే పోతున్నారనుకుంటే, ఆ రోజు జరిగినదానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఇక్కడ చలి చేసే మోసం ఒకటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోయిన ప్రతిసారీ టైరులో ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 70 డిగ్రీల పగటివేళ 35 పెట్టించిన టైరులో, జనవరిలో 10 డిగ్రీల తెల్లవారుజామున, ఎక్కడా చిల్లు లేకపోయినా 29 మాత్రమే ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద వెలిగే టైరు దీపం, కంపెనీ చెప్పిన ఒత్తిడికంటే పాతిక శాతం తగ్గేవరకు, అంటే దాదాపు 26 వచ్చేదాకా వెలగకపోవచ్చు. దీపం వెలగలేదు కాబట్టి గాలి సరిగ్గా ఉందనుకోవడం పొరపాటు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో ఎంత పెట్టాలో రాసి ఉంటుంది. టైరు గోడ మీద రాసి ఉండేది ఆ టైరు భరించగల గరిష్ఠ ఒత్తిడి, దాన్ని పట్టించుకోవద్దు. నెలకొకసారి, కారు రాత్రంతా కదలకుండా ఉన్న ఉదయాన, నడపడానికి ముందే కొలవండి.

ఇప్పుడు మంచు సంగతి. ఆల్ సీజన్ టైరుకూ వింటర్ టైరుకూ ఉన్న తేడా గాడుల ఆకారంలోనే ఉందని చాలామంది అనుకుంటారు. అసలు తేడా రబ్బరులో ఉంది. టైరు రోడ్డును పట్టుకోవాలంటే రబ్బరు మెత్తగా ఒదిగి, తారులోని సన్నని గరుకుల్లోకి దిగాలి. ఆల్ సీజన్ టైరు రబ్బరు ఒక మోస్తరు వేడికీ ఒక మోస్తరు చలికీ సరిపడేలా కలిపినది. వేసవిలో చెంచాతో తీస్తే జారిపోయే నెయ్యి ధనుర్మాసం వచ్చేసరికి గిన్నెలో బిగుసుకుపోయినట్టు, అది 7 డిగ్రీల సెల్సియస్ దిగువకు, అంటే 45 ఫారెన్‌హీట్ దిగువకు వచ్చేకొద్దీ గట్టిపడుతూ పోతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా తయారవుతుంది. దాని మీద కత్తితో గీసినట్టు కనిపించే వేలకొద్దీ సన్నని గాట్లు, అంటే సైప్‌లు, బ్రేకు తొక్కినప్పుడు తెరుచుకుని మంచును అంచులతో పట్టుకుంటాయి. కాబట్టి మంచు కురవని రోజైనా సరే, ఉదయం చలి 45 డిగ్రీల లోపు ఉన్నదంటే ఈ తేడా కొంతవరకు పనిచేస్తూనే ఉంటుంది.

మీ ప్రాంతపు చలికి ఒక ప్రత్యేకత ఉంది, డాలస్ నుంచి వచ్చినవారికి అది మొదటి ఏడాది బోధపడదు. డెట్రాయిట్ పరిసరాల్లో ఏడాదికి సగటున 45 అంగుళాల మంచు కురుస్తుంది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న పడమటి వైపు ఇంతకంటే చాలా ఎక్కువ. కానీ మీరు భయపడవలసింది అడుగు లోతు మంచు గురించి కాదు, ఎందుకంటే అలాంటి రోజున అందరూ నెమ్మదిగానే పోతారు, ఉప్పు లారీలూ మంచు తోసే బండ్లూ తిరుగుతూనే ఉంటాయి. మీ వైపు చలికాలంలో చాలా రోజులు ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కు అటూ ఇటూ ఊగుతుంది. పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకడుతుంది, వాన చినుకు నేల తాకగానే పేరుకుపోతుంది. ఐసు అన్నిటికంటే ఎక్కువగా జారేది కూడా సరిగ్గా ఈ సున్నా దగ్గరే, ఎందుకంటే అప్పుడు దాని మీద సన్నని నీటి పొర ఉంటుంది. మైనస్ 20 డిగ్రీల్లో ఉన్న ఐసు పొడిగా ఉండి ఇంతకంటే కొంత పట్టునిస్తుంది. ఇక ఉదయం ఆరింటికి రాత్రి చలి ఇంకా విడవదు, చిన్న వీధుల్లో ఉప్పు పడి ఉండదు, వంతెనలు కింద నేల వెచ్చదనం లేక అన్నిటికంటే ముందే గడ్డకట్టి ఉంటాయి. ఇంట్లో కూర్చుని పనిచేసేవారు పది గంటలదాకా ఆగి చూడగలరు, మీరు ఆగలేరు. మీకూ మీ పొరుగువారికీ ఒకే సలహా పనికిరాదని నేను అనుకోవడానికి కారణం ఇదే.

అంకెల్లో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. గంటకు 30 మైళ్ళ వేగంలో ఉన్న కారును, పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే ఘర్షణ గుణకాలతో లెక్కవేస్తే, బ్రేకు పడిన తరవాత పొడి రోడ్డు మీద ఆపడానికి దాదాపు 38 అడుగులు, తడి రోడ్డు మీద 60, అణిగిన మంచు మీద 120, ఐసు మీద 300 అడుగులు పడుతుంది. మీరు చూసి, కాలు కదిపేలోపు పోయే దూరం దీనికి అదనం. వింటర్ టైరు ఐసును పొడి రోడ్డుగా మార్చదు. ఆ 300లో కొంత భాగాన్ని తగ్గిస్తుంది, అంతే. అయితే సిగ్నల్ దగ్గర ముందున్న కారుకూ మీకూ మధ్య మిగలవలసిన ఖాళీ ఆ కొంత భాగంలోనే ఉంటుంది.

తోటి నర్సు చెప్పిన ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు, సంగతి రెండు మాటల్లో తేలుతుంది. అది కారును కదిలిస్తుంది, ఎత్తు ఎక్కిస్తుంది. ఆపడంలో దాని సాయం ఏమీ లేదు, ఎందుకంటే బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆ నాలుగింటి పట్టు టైర్లదే. సులువుగా వేగం అందుకున్న కారు సులువుగా ఆగుతుందని భ్రమపడి గుంటల్లోకి దిగిన ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు మొదటి మంచు కురిసిన రోజున మీకే కనిపిస్తాయి. టైర్ల కోసం కారు మార్చనక్కర్లేదు.

స్నేహితురాలి సలహా మాత్రం ప్రమాదకరమైనది, దయచేసి వినవద్దు. ముందు రెండింటికి మాత్రమే వింటర్ టైర్లు వేస్తే, మలుపులో గానీ బ్రేకు తొక్కినప్పుడు గానీ ముందు భాగం రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక భాగం పట్టుకోదు. బండి బరువు ఆ సమయంలో ముందుకు వాలుతుంది కాబట్టి వెనక చక్రాలు ఇంకా తేలికై, వెనక భాగం పక్కకు కొట్టేసి, కారు గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాలు జారితే కాలు తీసి వేగం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది, వెనకవి జారితే సర్దుకోవడం సామాన్య డ్రైవరుకు సాధ్యం కాదు. ఈ కారణంగానే, డబ్బు చాలక ఎప్పుడైనా రెండే టైర్లు మార్చవలసి వచ్చినా, ముందు చక్రాలకే ఇంజను బలం వెళ్ళే బండి అయినా సరే, కొత్తవి వెనక్కు వేయాలని టైర్ల కంపెనీలన్నీ చెబుతాయి. వింటర్ టైర్లైతే నాలుగూ వేయాలి, మధ్యేమార్గం లేదు.

మీవారి మాటలో కొంత నిజం ఉంది కాబట్టి దాన్ని తీసిపారేయలేను. నేడు బజారులో టైర్లు మూడు రకాలున్నాయి. మీ దగ్గరున్న ఆల్ సీజన్ ఒకటి, పూర్తి వింటర్ టైరు ఒకటి, ఈ రెంటికీ మధ్య ఆల్ వెదర్ అని అమ్ముతున్నది ఇంకొకటి. వీటిని వేరు చేసి చూడటానికి దుకాణదారు మాట అక్కర్లేదు, టైరు గోడ చూస్తే చాలు. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని నడుమ మంచు రేకు ఉంటే, అణిగిన మంచు మీద పరీక్షలో ఆ టైరు ప్రామాణిక టైరుకంటే కనీసం పది శాతం మెరుగైన పట్టు చూపించిందని అర్థం. అమెరికా, కెనడాల్లో 1999 నుంచి ఈ గుర్తు వాడుకలో ఉంది. మీ ఆల్ సీజన్ టైరు మీద బహుశా ఎమ్ ప్లస్ ఎస్ (మడ్, స్నో, అంటే బురద, మంచు) అనే అక్షరాలు మాత్రమే ఉంటాయి. అవి గాడుల ఆకారాన్ని బట్టి కంపెనీ తానే వేసుకునేవి, వాటి వెనక ఏ పరీక్షా లేదు. జర్మనీలో 2024 అక్టోబరు 1 నుంచి ఈ అక్షరాలున్నంత మాత్రాన వింటర్ టైరుగా ఒప్పుకోవడం మానేశారు, కొండ గుర్తు ఉండి తీరాలి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. మిషిగన్‌లో కారు టైర్లకు అలాంటి నిర్బంధం లేదు, అందుకే నిర్ణయం మీ మీదే పడింది.

అయితే కొండ గుర్తుకూ ఒక పరిమితి ఉంది. అమెరికాలో ఆ పరీక్ష మంచు మీద కారు ముందుకు కదిలే పట్టునే కొలుస్తుంది, ఐసు మీద బ్రేకు దూరాన్ని కొలవదు. అందువల్ల ఆల్ వెదర్ టైరుకూ, పూర్తి వింటర్ టైరుకూ ఒకే గుర్తు ఉన్నా, ఐసు మీద రెండూ ఒకటి కావు. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నోకియన్ రెమెడీ డబ్ల్యూఆర్‌జీ5, టోయో సెల్సియస్ 2, బ్రిడ్జ్‌స్టోన్ వెదర్‌పీక్ వంటివి ఆల్ వెదర్ రకం. ఇవి మంచులో నిజంగానే బాగుంటాయి, ఏడాది పొడవునా తీయనక్కర్లేదు, వాన రోడ్డు మీద కూడా బాగా పట్టుకుంటాయి. సున్నా డిగ్రీల దగ్గర, తారు రంగులో కలిసిపోయి కంటికి ఆనని పలచని ఐసు మీద మాత్రం మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యూఎస్90, కాంటినెంటల్ వైకింగ్‌కాంటాక్ట్ 7, నోకియన్ హక్కపెలిట్టా వంటి పూర్తి వింటర్ టైర్లకు అవి సాటి రావు. హక్కపెలిట్టా పేరు నోరు తిరగకపోవచ్చు కానీ, ప్రపంచంలో మొట్టమొదటి వింటర్ టైరును 1934లో లారీల కోసం చేసింది ఫిన్లాండ్‌కు చెందిన ఈ నోకియన్ కంపెనీయే, ఆ పేరుతో కారు టైరు 1936లో వచ్చింది.

ఇక నా అభిప్రాయం. మీరు పగటిపూట మాత్రమే, పెద్ద రోడ్ల మీద నడిపేవారైతే ఆల్ వెదర్ వేయించుకుని నిశ్చింతగా ఉండమని మీవారి పక్షమే మాట్లాడేవాణ్ణి. ఆరింటికి బయల్దేరక తప్పని మీ ఉద్యోగానికి నాలుగు పూర్తి వింటర్ టైర్లు, వేరే చక్రాల మీద బిగించినవి, తీసుకోమని చెబుతాను. ఇప్పుడున్న టైర్లు ఎలాగూ అరిగిపోయాయి కాబట్టి ఒకేసారి రెండు జతలు కొననక్కర్లేదు. నవంబరు నుంచి వింటర్ టైర్ల మీద నడపండి, పాతవి వదిలించుకోండి, ఏప్రిల్‌లో కొత్త ఆల్ సీజన్ నాలుగు కొనండి. ఆ తరవాత ఏడాదిలో కొన్ని నెలలు ఒక జత, మిగతా నెలలు ఇంకో జత అరుగుతాయి గనుక రెండూ అంత ఎక్కువ కాలం వస్తాయి. మొత్తం మీద అదనపు ఖర్చు చక్రాలకూ, మార్పించే కూలికీ అయ్యేదే తప్ప టైర్ల మీద పెట్టింది దండగ కాదు.

మీ కారుకు 18 అంగుళాల చక్రాలు ఉండటం ఇక్కడ అనుకోని అవకాశం. ఆ కారుకు 235/45 ఆర్ 18 టైరు వస్తుంది. ఇదే క్యామ్రీకి సరిపడే 215/55 ఆర్ 17 టైరు మొత్తం ఎత్తు దానితో దాదాపు సమానం, రెండూ 668 మిల్లీమీటర్ల వ్యాసం చుట్టూనే ఉంటాయి, కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపించదు. వెడల్పు తగ్గిన టైరు నీటినీ, బురదలా పేరుకున్న మంచునూ తేలిగ్గా చీల్చుకుపోతుంది. టైరు గోడ ఎత్తు ఎక్కువ కాబట్టి మార్చిలో మిషిగన్ రోడ్ల మీద తేలే గుంటల దెబ్బకు చక్రం అంచు వంగడం తగ్గుతుంది, ధర కూడా 18 కంటే తక్కువ. ఇనుప చక్రాలు తీసుకుంటే ఉప్పుకు అందం పోతుందన్న బాధ లేదు. కొనే ముందు ఆ చక్రం మీ బ్రేకులకు తగలదని షాపువారితో ఒకసారి ఖాయం చేసుకోండి, గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లు కొత్త చక్రాలకూ పెట్టించమనండి, లేకపోతే చలికాలమంతా ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది. కొత్తగా బిగించిన చక్రాల నట్లను 50 నుంచి 100 మైళ్ళు నడిచాక మళ్ళీ ఒకసారి బిగింపు చూపించుకోవాలి.

దాచుకునే చోటు గురించి దిగులు పడవద్దు. రెండో జతను తమ గోడౌనులోనే పెట్టి, సీజనుకు ఇంత అని తీసుకునే టైర్ల షాపులు చలి రాష్ట్రాల్లో మామూలే, మీ చుట్టుపక్కల రెండు మూడు చోట్ల అడగండి. అది కుదరకపోతే, స్నేహితుల గ్యారేజీ కూడా దొరక్కపోతే, అప్పుడు ఆల్ వెదర్ నాలుగు వేయించుకోవడమే సరైన దారి. ఏది చేసినా అక్టోబరు చివరికల్లా సమయం తీసుకోండి. మొదటి మంచు పడిన మర్నాడు ఆ షాపుల ముందు బారులు తీరుతారు, మీ సైజు అయిపోయిందని చెప్పే రోజు కూడా అదే.

వింటర్ టైర్లను ఏప్రిల్ మధ్యకు తీసేయడం కూడా అంతే ముఖ్యం. ఇంకొక వేసవి గడిపేద్దామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ మెత్తని రబ్బరు వేడికి త్వరగా అరిగిపోవడమే కాక, వెచ్చని వాన రోడ్డు మీద ఆల్ సీజన్ కంటే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. మీకు భయం పుట్టించినదే వాన రోడ్డు అన్న సంగతి మరవద్దు. ఏప్రిల్‌లో ఆల్ సీజన్ కొనేటప్పుడు, మనవాళ్ళలో చాలామంది కాస్ట్‌కో దుకాణంలో నిలబడి మొదట చూసేది ఎన్ని వేల మైళ్ళ వారంటీ అన్నది. అది చూడండి గానీ మొదట చూడవద్దు. ఎక్కువ మైళ్ళు రావాలంటే రబ్బరు అరగకూడదు, అరగని రబ్బరు తడిలో పట్టుకోవడం కష్టం. సిలికా కలిపిన రబ్బర్లు వచ్చాక ఈ వైరుధ్యం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. టైరు గోడ మీద ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బీ, సీ అక్షరాల్లో ఒకటి ఉంటుంది. అది తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు తొక్కినప్పటి పట్టుకు ఇచ్చిన తరగతి. మలుపుల గురించీ, నీటి మీద తేలడం గురించీ అది చెప్పదు, అయినా ఏ కంటే తక్కువ ఉన్నది తీసుకోవద్దు. వింటర్ టైర్ల మీద ఈ తరగతులు ఉండకపోతే కంగారు పడకండి, వాటికి ఆ నిబంధన వర్తించదు.

ఈ లోగా వాన పడితే 55 దాటవద్దు, క్రూయిజ్ కంట్రోల్ ఆపేయండి, ముందు వెళ్ళే కారు టైర్లు వదిలిన జాడలోనే నడపండి, ఎందుకంటే అక్కడ నీరు కొంత తోసేసి ఉంటుంది. మళ్ళీ స్టీరింగ్ తేలికైతే బ్రేకు మీదికి కాలు వెళ్ళనివ్వకుండా, యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని ఉండండి. వేగం తగ్గగానే టైర్లు రోడ్డును అందుకుంటాయి.

మీ నాన్నగారి విషయానికి వస్తే, రాజమండ్రి చలికి వింటర్ టైర్ల మాట అక్కర్లేదు, కానీ వాన లెక్క నోవైకైనా గోదావరి జిల్లాలకైనా ఒకటే. 16వ నంబరు జాతీయ రహదారి మీద తుపాను వానలో నీరు నిలిచిన చోట 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారు టైరు కూడా అదే పని చేయాలి. అక్కడా చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లే, వానాకాలం మొదలయ్యేసరికి కనీసం 3 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోమని చెప్పండి. ఆయన గాడులు బాగానే ఉన్నాయంటున్నారు కాబట్టి ఆ మాట నమ్మవచ్చు. ఇబ్బంది వయసుతో ఉంది. తక్కువ తిరిగే కారు టైరు అరగదు, కానీ మన ఎండకు రబ్బరు లోలోపల ఎండి గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు తడి తారు మీద జారుతుంది, గాడి ఎంత లోతున్నా సరే. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరసకు చివర ఉన్న నాలుగంకెలు చదవమనండి. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైనదని. ఆరేళ్ళు దాటిన టైరును ఏడాదికొకసారి చక్రం తీసి లోపలి వైపు కూడా చూపించాలి, గోడ మీదగానీ గాడుల అడుగునగానీ జుట్టులాంటి పగుళ్ళు కనిపిస్తే లోతు చూడకుండా మార్చేయాలి, పదేళ్ళయితే పగుళ్ళున్నా లేకున్నా మార్చాలి.

ఆయన తోసిపుచ్చకుండా ఉండాలంటే డబ్బు మాట ఎత్తకుండా, ముందు ఆ నాలుగంకెలు ఫోటో తీసి పంపమనండి. అయిదు టైర్లవీ పంపమనండి. డిక్కీలో ఉన్న స్టెపినీ కారు కొన్న రోజు నుంచీ అక్కడే పడి ఉండి, గాలి కూడా ఎవరూ చూసి ఉండరు. వానలో పంక్చరైన రోజున బిగించుకోవలసింది దాన్నే.